గడ్డం బేరం

గురువుగారి చొక్కా ఇస్త్రీ చేసే హక్కు నాకు ఊరికే రాలేదు. నెలన్నర కష్టపడ్డాను. అంతకుముందు ఆ పని ఏలూరాయన చేసేవాడు. అతను కాలరు దగ్గర మడత సరిగ్గా పోనివ్వడని, ఒక ఉదయం గురువుగారు కాఫీ తాగుతుంటే, ఎవరికీ చెప్పనట్టు, గోడతో అన్నట్టు అన్నాను. మర్నాడు ఇస్త్రీపెట్టె నా చేతికి వచ్చింది. ఏలూరాయన వారం రోజులు నా మొహం చూడలేదు. గెలిచాననుకున్నాను. ఉతికినా వదలని ఇంకొకడి కాలరు జిడ్డు కోసం ఇద్దరు ఇంజనీర్లు పోటీపడ్డారన్న మాట రాస్తుంటే, ఇన్నేళ్ళ తరవాత కూడా చేతులు కడుక్కోవాలనిపిస్తోంది.

ఆంగ్ మో కియోలో పన్నెండో అంతస్తు. రెండు పడకగదులు, ఒక హాలు, వంటింటిని ఆనుకుని ఒక స్టోరు గది, ఒకే ఒక్క స్నానాలగది. ఆరుగురం మగవాళ్ళం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం తీరిపోయి, ఇంటర్నెట్ పేరు చెప్పి ప్రతివాడూ కంపెనీ తెరుస్తున్న రోజులవి. మా కన్సల్టెన్సీ యజమాని హైదరాబాదులో ఉండేవాడు. సింగపూర్‌లో ఆయన మనిషి గురువుగారు. అందరికంటే ముందు వచ్చినవాడు, ఫ్లాట్ అగ్రిమెంటు ఆయన పేరనే ఉంది. ఏ క్లయింటు దగ్గరికి ఎవరి రెజ్యూమే వెళ్ళాలో తేల్చేదీ ఆయనే. క్లయింటు దొరకనివాడు బెంచి మీద ఉన్నట్టు. బెంచి మీద మూడు నెలలు దాటితే వర్క్ పాస్ రద్దు, ఇంటికి టిక్కెట్టు.

ఆయన మొదట్లో ఇలా లేడు. ఇది చెప్పకపోతే అన్యాయం. మొదట్లో ఆ ఫ్లాట్‌ని ఆదివారం మీటింగ్ నడిపేది. హాల్లో చాప వేసుకుని, ఎవరు వండాలి, ఎవరు తోమాలి, ఎవరు ముందు స్నానం చెయ్యాలి అని ఆరుగురం తగువులాడుకునేవాళ్ళం. శాకాహారుల పెనం మీద ఎవరో ఆమ్లెట్ వేశారు. ఎవరి తువ్వాలుతోనో ఎవరో కాళ్ళు తుడుచుకున్నారు. ఒకరోజు పొద్దున స్నానాలగది తలుపు దగ్గర ఏలూరాయనా, హాల్లో పడుకునే ఇంకొకాయనా కాలర్లు పట్టుకున్నారు. చుట్టూ నిలబడ్డవాళ్ళందరికీ ఆఫీసుకి వేళయిపోతోంది. అప్పుడు ఒకడు గట్టిగా అన్నాడు: "గురువుగారూ, మాకీ గొడవ వద్దండీ. మీరే ఒక మాట చెప్పెయ్యండి. మీ మాటే ఫైనల్."

ఆ ఒకడు నేనే.

మర్నాటికి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఒక కాగితం వెలిసింది. ఆరున్నర నుంచి ఎనిమిదింటిదాకా పావుగంటకొకరు. గురువుగారికి మాత్రం సమయం రాయలేదు, ఆయన లేచినప్పుడే ఆయన సమయం. ఫ్లాట్ ప్రశాంతంగా అయిపోయింది. ఎంత హాయిగా ఉందో! ఆదివారం మీటింగ్‌ని ఆయన రద్దు చెయ్యలేదు, పిలవడం మానేశాడంతే. మాలో ఎవరికీ అది గుర్తు రాలేదు. వారం వారం కాగితం మారుతూ ఉండేది. ఆయనకు నచ్చినవాడు పైకి వెళ్ళేవాడు, నచ్చనివాడు కిందికి దిగేవాడు. అడుగున ఉన్నవాడికి అయిదుగురి సబ్బు నురగా, వెంట్రుకలూ, తడి నేలా మిగిలేవి. ఆఫీసుకి ఆలస్యమూ అయ్యేది.

ఆయన లేచే వేళకి మేమందరం హాల్లో ఉండేవాళ్ళం. రమ్మని ఎవరూ చెప్పలేదు. కానీ తలుపు తెరిచాక, కాఫీ చేతికి వచ్చాక, మొహం కడుక్కుని తువ్వాలుతో చెవులు తుడుచుకునే ఆ పది నిమిషాల్లోనే ఆయన నోట్లోంచి పనికొచ్చే మాటలు రాలిపడేవి. ఫలానా టెలికాం వాళ్ళకి జావా వచ్చినవాడు కావాలట. ఫలానా బ్యాంకులో ఒక సీటు ఖాళీ అవుతోందట. కాఫీ ఒకడు, పేపరు ఒకడు, చొక్కా నేను. ఆయన చేతులు వెనక్కి చాపితే, వేడివేడి చొక్కాని నేను తొడిగేవాణ్ణి. బనీను చంకల దగ్గర పసుపుపచ్చగా ఉండేది. ఊపిరి బిగబట్టుకుని నవ్వేవాణ్ణి. ఊపిరి బిగబట్టి నవ్వడం మా కొట్లో నేర్చుకున్న విద్యే.

మాది తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు. మా వీధి వీధంతా కొట్లే. నాకు నడక రాకముందే బేరం వచ్చిందని మా అమ్మ చెప్పుకునేది. మా నాన్న దగ్గర రెండు సూత్రాలుండేవి. గిరాకీ ధర నచ్చక లేచి వెళుతుంటే వెంటనే పిలవకూడదు. కొట్టుకి మూడు మెట్లు. రెండో మెట్టు మీద కాలు పెట్టేదాకా ఆగాలి. ఇక రెండోది, ధర తగ్గించొద్దు, చెంచా ఇవ్వు. బిందె దగ్గర బేరం తెగకపోతే ఆయన ఒక చెంచా తీసి బిందెలో పడేసేవాడు. ఖణేల్‌మనేది. "ఇది మన సంతోషం కొద్దీ" అనేవాడు. బిందె ధర అలాగే ఉండేది, ఆ మనిషి మాత్రం నవ్వుకుంటూ వెళ్ళేది.

ఫ్లాట్‌లో ఒక్కడు మాత్రం ఉదయం హాల్లోకి వచ్చేవాడు కాదు. స్టోరు గదిలో ఉండే వరంగల్ కుర్రాడు. యూనివర్సిటీలో చరిత్ర మీద పరిశోధన చేస్తున్నాడు. ఫ్రాన్సులో, రష్యాలో రాజులు ఒకప్పుడు పెద్ద పెద్ద ప్రభువులకు భయపడుతూ బతికినవాళ్ళు, వాళ్ళందరినీ అణిచి ఎదురులేనివాళ్ళు ఎలా అయ్యారన్నది అతని విషయం. క్లయింటుతో పని లేనివాడు కాబట్టి కాగితంలో ఎప్పుడూ అట్టడుగునే. తొమ్మిదింటికి తీరిగ్గా స్నానం చేసేవాడు. నన్ను 'సేటు' అని పిలిచేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ నవ్వడం మొదలుపెట్టాడు.

"సేటూ, పొద్దుగాల నువ్వు జేస్తవ్ జూడు, అంగీ తొడుగుడు. ఫ్రాన్స్‌ల దానికోసం డ్యూకులు కొట్టుకునేటోళ్లు."

"ఏం డ్యూకులు?"

"తనను తను సూర్యునితో పోల్చుకున్న రాజున్నడు గద, ఆయన కాడ. రాజు నిద్ర లేస్తుంటె సుట్టూ నిలవడెటోళ్లు. అంగీ అందిచ్చుడు ఒక పెద్ద మర్యాద. రాత్రి పండుకునేటప్పుడు కొవ్వొత్తి పట్టుకునుడు ఇంకొకటి. ఒక్కొక్కనికి కోటలుండె, సైన్యాలుండె. అవన్ని ఇడిచిపెట్టి రాజు మహల్ల చిన్న చిన్న అర్రలల్ల మురికి వాసనల పడి ఉండేటోళ్లు."

"ఎందుకుండటం? ఇంటికి పోవచ్చుగా?"

"పోతె రాజు కంట పడరు. కంట పడనోని గురించి ఎవరన్న సిఫార్సు జేస్తె, 'ఆయన్ని నేనెప్పుడు చూడలేదే' అనేటోడట రాజు. గంతే. వాని పని ఖతం." ఉల్లిపాయ ఘాటుకి కళ్ళు తుడుచుకున్నాడు. "కత్తి గుంజి అణిచింది తక్కువ సేటూ. అంగీ సూపి అణిచింది ఎక్కువ."

నేనూ నవ్వాను. కానీ వదల్లేదు. "అయితే ఆ రాజుకి పనులెవరు చేసిపెట్టేవాళ్ళు? డ్యూకులు చొక్కా పట్టుకుని నిలబడితే పన్నులు వసూలు చేసేదెవరు?"

"మంచిగ అడిగినవ్. ఊరూరికి తన మనుషులను పంపిండు. పెద్ద ఖాన్దాన్‌లోళ్లు కాదు. తాతముత్తాతలు దుకాన్లు నడిపి, ఆ పైసతోని సర్కారు కొలువులు కొనుక్కున్న ఇండ్ల పోరగాండ్లు. సదువుకున్నోళ్లు, బేరం తెల్సినోళ్లు, ఎవరి కాడ ఎట్ల మాట్లాడాల్నో తెల్సినోళ్లు." కత్తి నావైపు ఊపాడు. "నీ అసొంటోళ్లు."

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మాటకి పొంగిపోయాను. ఫ్రాన్సులో కూడా మా వీధివాళ్ళు పైకొచ్చారన్నమాట అనుకున్నాను.

ఆ రెండు దేశాల రాజుల్లోనూ అతను చెప్పిన ఒక పోలిక నాకు బాగా గుర్తుండిపోయింది. ఇద్దరూ చిన్నప్పుడు బాగా జడుసుకున్న పిల్లలు. తిరుగుబాటు రోజుల్లో పారిస్ జనం మహల్లోకి తోసుకొచ్చి, పిల్లరాజు పారిపోలేదు కదా అని మంచం దాకా వచ్చి చూశారట. వాడు కళ్ళు గట్టిగా మూసుకుని నిద్ర నటించాడట. రష్యాలో పదేళ్ళ పిల్లవాడు మెట్ల మీద నిలబడి, కాపలా సైనికులు తన వాళ్ళని ఈటెల మీదికి విసరడం చూశాడట. ఇద్దరూ పెద్దయ్యాక, మళ్ళీ ఎవరూ తమ గదిలోకి అడుగుపెట్టలేని విధంగా రాజ్యాలు కట్టుకున్నారు. మా గురువుగారిని చిన్నప్పుడు ఏ గుంపు భయపెట్టిందో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే జాలి పుడుతుందేమోనని భయం. జాలిపడితే చొక్కా తొడగడం కష్టం.

నా గదిలో పక్క పరుపు కడప తమ్ముడిది. ఊళ్ళో ఉన్న ఉద్యోగం వదులుకుని వచ్చాడు. వచ్చీ రాగానే ఒక ప్రాజెక్టు అయిపోయి, రెండు నెలలకు పైగా బెంచి మీద ఉన్నాడు. మెత్తటి మనిషి. ఆయన్ని చూడగానే కనిపించేది గడ్డం. గుండెల మీదికి దిగిన గడ్డం, మెడ మీదికి జుట్టు. భార్య కడుపుతో ఉంది. ఇలా గడ్డం పెంచడం మన వైపు తెలిసిందే, భార్య నెల తప్పితే మగవాడు మంగలి దగ్గరికి వెళ్ళడు. ఈయనకు అది ఆచారం ఒక్కటే కాదు.

"పొయినసారి నిలబడల్యా, అంతకుముందూ నిలబడల్యా అన్నా," అన్నాడు ఒకసారి, పరుపు మీద కూర్చుని, గడ్డం కొస వేలికి చుట్టుకుంటూ. "ఈసారి మా అవ్వ కొండకు మొక్కుకునింది. కాన్పు అయినంక తల్లినీ బిడ్డనూ పిల్చుకోని పోయి ఇచ్చేస్తా. అంతదనుక కత్తి తగలగూడదు. ఎనిమిదో నెల జరుగుతాంది. ఇంగెన్ని దినాలు?"

తంజోంగ్ పగార్‌లో ఒక బ్యాంకుకి మనిషి కావాలన్న మాట అప్పుడే వచ్చింది. బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ళం ఇద్దరమే, కడప తమ్ముడూ నేనూ. నాకు అప్పటికే ఒక క్లయింటు ఉన్నాడు, ఊరి చివర గోడౌన్ల మధ్య, రెండు బస్సులు మారి వెళ్ళే చోటు. సీటు సహజంగా తమ్ముడిదే. ఉదయం హాల్లో, తువ్వాలు చెవిలో తిప్పుకుంటూ గురువుగారు అన్నాడు:

"తమ్ముడూ, రెజ్యూమే పంపుతాను. ఆ గడ్డం తీసెయ్యి."

"కాన్పు అయ్యేదనుక తీయకూడదండీ గురువుగారూ. ఇంగ నెలన్నరే."

"నీ కాన్పు కోసం బ్యాంకు ఆగుతుందా? ఇది సింగపూరయ్యా. సన్నాసిలాగా వెళితే గేటు దగ్గరే ఆపుతారు."

"బ్యాంకువాళ్ళు అడిగినారా అండీ గడ్డం గురించి?"

ఆయన్ని అప్పటిదాకా ఎవరూ ఏదీ అడగలేదు. గురువుగారు కోప్పడలేదు. చేతులు వెనక్కి చాపాడు, నేను చొక్కా తొడిగాను. బొత్తాలు పెట్టుకుని, "చూద్దాం" అని బయటికి వెళ్ళాడు. సాయంత్రానికి ఫ్రిజ్ మీద కొత్త కాగితం. తమ్ముడి పేరు స్టోరు గది కుర్రాడి పేరుకి కూడా కింద. మర్నాడు వంటింట్లో నా భుజం మీద చెయ్యివేసి గురువుగారు మెల్లగా అన్నాడు: "నీ మాట వింటాడు. మాట్లాడి చూడు. బేరాలు నీకు చెప్పాలా?"

ఆ చెయ్యి బరువుగా, చెమ్మగా ఉంది. నాకు మాత్రం కిరీటం పెట్టినట్టుంది.

రెండు రోజులు ఆలోచించాను. మొక్కు మీద బేరం ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. దారి చూపించింది మళ్ళీ వరంగల్ కుర్రాడే, తెలియక. గడ్డం గొడవ విన్నాక అతను ఉడికిపోతున్నాడు.

"అచ్చం రష్యా కత," అన్నాడు గిన్నెలు తోముతూ. "జారు పరదేశాలు తిరిగొచ్చిండు. దర్బారుల పెద్దమనుషులు మొక్కనీకి వస్తె కత్తెర వట్టుకోని తనే గడ్డాలు కోసిండు. తన చేతితోని! ఆల్లకు గడ్డమంటె దేవుడిచ్చిన రూపం. గడ్డం లేకుంట సస్తె స్వర్గంల అడుగు వెట్టనియ్యరని నమ్మేటోళ్లు. తర్వాత గడ్డం ఉంచుకుంటె పన్ను గూడ ఏసిండు."

"మరి జనం ఊరుకున్నారా?"

"ఏం జేస్తరు? ఒక వడ్లాయన ఉండె, కర్రపని జేసేటోడు. ఆన్నే పనిజేసిన పరదేశి ఇంజనీరు ఒకాయన రాసిపెట్టిండు. గొరిగిచ్చుకోని బయటికొచ్చిన వడ్లాయనను, నీ గడ్డమేదిరా అని అడిగితె, అంగీల చెయ్యి వెట్టి తీసి సూపిచ్చిండట. దాసుకున్నడు. సచ్చినంక నా శవం పక్కన వెట్టుండ్రి, పైన సాధువు అడిగితె సూపిచ్చుకుంట అన్నడట. ఆయనొక్కడే గాదు, పనోళ్లందరు గట్లనే దాసుకున్నరట." పళ్ళెం కడగడం ఆపేశాడు. "ఆ ముచ్చట సదివిన దినం నాకు బువ్వ తినబుద్ధి గాలె సేటూ."

నాకు మాత్రం బిందెలో చెంచా పడ్డ చప్పుడు వినిపించింది.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముణ్ణి కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. అక్కడివాళ్ళలాగే బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోప్ చేసి, అంటే చోటు పట్టుకుని, రెండు టీలు తెచ్చాను.

"కొండ మీద నువ్విచ్చేదేమిటి?" అన్నాను.

"వెంట్రుకలన్నా."

"మొహాన ఉన్నవే ఇవ్వాలని ఎక్కడైనా ఉందా? ఇక్కడ తీసి, భద్రంగా కవర్లో పెట్టి, అక్కడికెళ్ళి ఇస్తే అవి వేరేవాళ్ళవైపోతాయా?"

"అట్ల చేస్తారా ఎవురైనా?"

"రష్యాలో ఊళ్ళకి ఊళ్ళు చేశాయి." నిజంగానే ఆ మాట అన్నాను. "చరిత్ర చదివినవాణ్ణే అడుగు. దాచుకుని వాళ్ళ దేవుడికే చూపించుకున్నారు. ఇంకో మాట. తలమీద జుట్టు ముట్టొద్దు. గురువుగార్ని నేను ఒప్పిస్తాను. తల స్వామిది, గడ్డం మాత్రం..." నోరు జారబోయి ఆగాను. "గడ్డం కవర్లో."

"మా అవ్వను ఒక మాట అడుగుతా అన్నా. ఫోన్ చేసి."

"అడిగితే వద్దంటుంది. పెద్దవాళ్ళు అడిగితే వద్దనే అంటారు. పని అయ్యాక చెప్పు. బ్యాంకు సీటుతో పాటు చెప్పు."

ఆయన టీ ముట్టలేదు. మీగడ కట్టింది. నేను లేచాను. "సరే తమ్ముడూ, నీ ఇష్టం. నేను చెప్పాల్సింది చెప్పాను." నడవడం మొదలుపెట్టాను. అక్కడ మెట్లు లేవు, బల్లలు లెక్కపెట్టుకున్నాను. ఒకటి. రెండు.

"అన్నా!"

వెనక్కి తిరిగాను, మా నాన్నలాగే, నెమ్మదిగా.

"ఒక్క ఎంట్రుక కూడా కింద పడగూడదు అన్నా. నువ్వు పక్కన ఉండాల."

"పూచీ నాది."

ఆదివారం పదింటికి హాల్లో పాత పేపర్లు పరిచాం. తమ్ముడు బాత్రూమ్‌లో తనే తీసుకుంటానన్నాడు. గురువుగారు ఒప్పుకోలేదు. "నీకు చేతకాదులే, నేను చేస్తాను కూర్చో" అని ట్రిమ్మర్ పట్టుకున్నాడు. లుంగీ మోకాళ్ళదాకా ఎగగట్టి, బనీనులోంచి పొట్ట తమ్ముడి చెవికి ఆనేలా ఒంగి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు. ఏలూరాయన కెమెరా తెచ్చాడు. అందరూ నవ్వుతున్నారు. "అబ్బ, ఎన్ని పిచికలు కాపురమున్నాయో!" "పెళ్ళికొడుకును చేస్తున్నాం, పాట పాడండ్రా!" తమ్ముడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నిద్ర నటించినట్టు.

నేను పాలిథీన్ కవరు తెరిచి గడ్డం కింద పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. గుత్తులు గుత్తులుగా పడుతున్నాయి. కొన్ని నా ముంజేతికి అంటుకున్నాయి. కొన్ని గురువుగారి చెమట చేతుల మీద, ఒకటి రెండు ఆయన కాఫీలో. ఆయన వేలితో తీసేసి మిగతా కాఫీ తాగేశాడు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. కవరు వదల్లేదు.

వరంగల్ కుర్రాడు స్టోరు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు. కవరు వంక చూశాడు, తరవాత నా వంక. అర్థమైంది అతనికి.

"నేను జెప్పింది ఏడుపు ముచ్చట సేటూ," అన్నాడు. "నువ్వు దాన్ని సరుకు జేసి అమ్మినవ్."

గురువుగారు ట్రిమ్మర్ ఆపి, "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అన్నాడు. తమ్ముడి మొహం రెండు రంగుల్లో ఉంది. పై సగం ఎండ రంగు, కింది సగం తెల్లగా, నానిపోయినట్టు. బుగ్గలు తడుముకుంటూ కవరు కోసం చెయ్యి చాపాడు. ఈలోగా గురువుగారు స్నానాలగదిలోకి వెళ్ళి, ట్రిమ్మర్‌ని వాష్‌బేసిన్‌లో దులిపి, చేతులు దులిపి, కొళాయి తిప్పాడు.

"అన్నా, నీళ్ళు! నీళ్ళు ఆపమను!" తమ్ముడు అరిచాడు.

నేను తలుపు దగ్గరే ఉన్నాను. చెయ్యి చాపితే కొళాయి అందుతుంది. గురువుగారి వీపు అడ్డంగా ఉంది. ఆ వీపుని పక్కకి జరపాలి.

"కాస్తే కదా తమ్ముడూ," అన్నాను. "చాలావరకు కవర్లోనే ఉన్నాయి."

సోమవారం ఉదయం తమ్ముడు అందరికంటే ముందు లేచి, తలకి నూనె రాసి జుట్టు వెనక్కి దువ్వి కట్టుకుని, టై కట్టుకుని హాల్లో కూర్చున్నాడు. నేను చొక్కా తీసుకుని గురువుగారి గదిలోకి వెళ్ళాను. ఆయన చేతులు వెనక్కి చాపి అన్నాడు:

"బ్యాంకుకి నువ్వెళ్ళు."

"అదేంటండీ? మరి తమ్ముడు..."

"మొదటిసారి చెప్పినప్పుడు తీశాడా? పది మందిలో నన్ను ప్రశ్న వేశాడు. వాణ్ణి పంపిస్తే రేపు అందరూ వేస్తారు. నీ పాత సీటుకి హైదరాబాదు నుంచి ఇంకొకడు వస్తున్నాడులే."

ఇక్కడ నేను ఏమైనా అన్నానని రాసుకోవచ్చు. ఎవరూ వచ్చి కాదనరు. కానీ నేను అన్నది ఇది: "టై కట్టుకోమంటారా?"

వెళ్ళాను. తంజోంగ్ పగార్‌లో పదిహేడో అంతస్తు, చల్లటి గది, కిటికీ అవతల క్రేన్లు. ఇంటర్వ్యూ చెయ్యడానికి వచ్చిన మేనేజరు సర్దార్జీ. ముదురు నీలం తలపాగా, నాభిదాకా కాకపోయినా గుండెలదాకా నెరిసిన నిండు గడ్డం. నా రెజ్యూమే చదువుతూ ఆ గడ్డాన్ని ప్రేమగా నిమురుకుంటున్నాడు. ఆయన ఏమడిగాడో, నేనేం చెప్పానో గుర్తు లేదు. ఆ వేళ్ళు, ఆ వెంట్రుకలూ గుర్తున్నాయి. సీటు వచ్చింది. బయటికొచ్చి, ఆ భవనం మరుగుదొడ్డిలో పొద్దున తిన్న ఉప్మా అంతా కక్కుకున్నాను. తరవాత మొహం కడుక్కుని, గురువుగారికి ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పాను. రెండూ ఒకే నోటితో.

సర్దార్జీ గడ్డం సంగతి వరంగల్ కుర్రాడికి చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. అతను చదువుతున్న పుస్తకం మూశాడు. "జారుకు గడ్డాలతోని ఏం పని సేటూ? కోస్తుంటె ఎవడు తలకాయ వంచుతడో సూసుకున్నడు. ఇగ కవరు వట్టుకున్నోని పేరు నేనేడ సదవలె." అంతే. ఆ తరవాత నన్ను సేటు అని కూడా పిలవలేదు.

తమ్ముడు నాతో పోట్లాడలేదు. అదే బాగుండేది. ఆ రోజే పెట్టె సర్దుకుని జురాంగ్ వెస్ట్ వెళ్ళిపోయాడు. అక్కడ షిప్‌యార్డులో పనిచేసే ఆయన ఊరివాళ్ళు ఒక గదిలో ఎనిమిది మంది ఉంటే, తొమ్మిదోవాడికి చోటిచ్చారు. పాస్ గడువు ఆ నెలాఖరు దాకా ఉంది. కవరుని చొక్కాల మధ్య కాకుండా, పెట్టెలో అన్నిటికీ పైన పెట్టుకోవడం చూశాను.

ఫ్రిజ్ మీద కొత్త కాగితంలో మొదటి పేరు నాది. ఆరున్నర. తడవని నేల, వేడి నీళ్ళు, ఎవరి నురగా లేని అద్దం. నాలుగైదు రోజులు ఆ సుఖం అనుభవించాను. తరవాత వాష్‌బేసిన్‌లో నీళ్ళు నిలబడటం మొదలైంది. ఉమ్మిన పేస్టు కళ్ళముందే తేలుతోంది. మొదటివాణ్ణి నేను కాబట్టి బాగుచెయ్యాల్సిందీ నేనేనని గురువుగారు సెలవిచ్చాడు.

కింద గొట్టం మర విప్పి, బక్కెట్టు పెట్టి, వేలు దూర్చాను. కుళ్ళిన వాసన గుప్పుమంది. జిగట, సబ్బు మడ్డి, అందులో నల్లగా, పొడుగ్గా, ఉండచుట్టుకున్న వెంట్రుకలు. మిగిలిన మా అయిదుగురిలో అంత పొడుగు వెంట్రుకలు ఎవరికీ లేవు. లాగుతుంటే వస్తూనే ఉన్నాయి. కొళాయి కింద పట్టుకుని, వాసన పోయేదాకా సబ్బు పెట్టి కడిగాను. పిండితే గుప్పెడయ్యాయి. కాగితంలో చుట్టి, జురాంగ్‌లో వాళ్ళ ఊరివాళ్ళ నంబరుకి ఫోన్ చేశాను.

"తమ్ముడూ, నేను. బేసిన్‌లో కొన్ని దొరికాయి. కడిగి పెట్టాను. తెచ్చిస్తాను."

అవతల గిన్నెల చప్పుడు, ఎవరివో తెలుగు మాటలు. ఆయన ఊపిరి.

"ఎంత ఉంటాయన్నా?"

"ఒక గుప్పెడు."

ఆయన గొంతులో కోపం లేదు, కొట్లో కూర్చున్న మనిషిలా నింపాదిగా ఉంది.

"ఉంచుకో అన్నా. బేరం కుదిర్చినావు గదా. అది నీ కమీషను."

ఫోన్ పెట్టేశాడు. మూడు వారాలకు ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా బాగున్నారనీ ఏలూరాయన ద్వారా తెలిసింది. ఆ తరవాత కొండకి వెళ్ళారట, తలా ఇచ్చాడట, కవరూ ఇచ్చాడట. కవరులో ఎంత తక్కువైందో ఆయన వాళ్ళవ్వకి చెప్పాడో లేదో నాకు తెలియదు.

ఆ రోజు ఫోన్ పెట్టేశాక నేను ఆ పొట్లంతో వంటింట్లో నిలబడ్డాను. చెత్తని కిందికి జారవిడిచే గొట్టం మూత తీశాను. కింద నుంచి పన్నెండు అంతస్తుల ఎంగిలి వాసన మొహానికి కొట్టింది. పొట్లం వదిలాను. బరువు లేని వస్తువు, చప్పుడు కూడా రాలేదు. హాల్లో గురువుగారి తలుపు తెరుచుకుంది. చేతులు కడుక్కుని, ఇస్త్రీపెట్టె స్విచ్ వేశాను.